గ్లూటెన్ లేని స్టేక్ భోజనం

సీలియాక్ జబ్బు ఉన్నవారికి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ పడదు. అది వారి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. అలాంటివారు కూడా ఇంట్లో పొయ్యి మీదే స్టేక్ వండుకుని నిశ్చింతగా తినవచ్చు.

మాంసంలో గ్లూటెన్ ఉండదు. చిక్కంతా పైన వేసేవాటితోనే. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, కాబట్టి గ్లూటెన్ లేదని ముద్రించిన సీసానే కొనండి. గ్రేవీ చిక్కబడడానికి మైదాకు బదులు కార్న్‌ఫ్లోర్ కలపండి.

అంగుళం మందం ఉన్న ముక్కకు 40 నిమిషాల ముందే ఉప్పు పట్టించండి. వండే ముందు తడి పూర్తిగా అద్దెయ్యండి. తడి ఉంటే ముక్క ఎర్రగా వేగదు. కిటికీ తెరిచి, మందపాటి ఇనుప పెనం బాగా కాగాక నూనె వేసి, ఒక్కోవైపు 3, 4 నిమిషాలు కాల్చండి. చివర్లో మంట తగ్గించి, వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, కరిగిన వెన్నను చెంచాతో ముక్క మీద పోస్తూ ఉండండి. లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక దించి, కనీసం 3 నిమిషాలు ఆగాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచన. పక్కన ఉడికించిన బంగాళదుంపలు, బీన్స్ చాలు.

చపాతీలు కాల్చిన పెనం, పిండి అంటిన పీట మాత్రం వాడకండి. సీలియాక్ ఉన్నవారి ఇంట్లో వారికంటూ వేరే పెనం ఒకటి తప్పక ఉంచండి.