మన విద్యాలయమున మనస్తత్వశాస్త్ర బోధన



మన విద్యాలయమున 11వ తరగతియందు మనస్తత్వశాస్త్రమును ప్రవేశపెట్టవలెనను తీర్మానమును బలపఱచుటకు లేచితిని. ఇది పిచ్చివారి వైద్యమని కొందఱు పెద్దలు శంకించుచున్నారు. అది వేఱు. 1879లో జర్మనీయందలి లైప్‌జిగ్ నగరమున వుంట్ పండితుడు ప్రయోగశాల నెలకొల్పినది మొదలు ఇది కొలతలతో గూడిన శాస్త్రము. కలకత్తా విశ్వవిద్యాలయము 1916లోనే దీనికి ప్రత్యేకశాఖ నేర్పఱచినది. మనము అనుసరించు సి.బి.యస్.ఇ. పాఠ్యక్రమమున నూటికి 30 మార్కులు ప్రయోగములకే కలవు.

ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని అక్షరసముదాయములను తానే వల్లించి, ఎంతకాలమునకు ఎంత మఱచునో కొలిచి 1885లో ప్రకటించెను. నేర్చిన తొలి గంటలలోనే మఱపు అధికమని తేలినది. దీనికి గడియారము, కాగితము చాలును. పరీక్షకు ముందురాత్రి తెల్లవార్లు వల్లించుటలోని నష్టమును మన పిల్లలు తామే కనుగొందురు. మనము చెప్పిన వినరు గదా!

2019లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమంది విద్యార్థులకు పైగా ప్రాణములు తీసికొనిరి. ఒక పాఠముచే అట్టి దుఃఖము తొలగునని చెప్పజాలను. తమ భయమును ఇతరులతో చెప్పుకొనుటకు మాటలైన వారికి దొరకును.

దాతలను కోరునది భవనము కాదు; ఈ శాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందిన అధ్యాపకుని జీతము. తీరికగా నున్న మఱియొక ఉపాధ్యాయుడు పుస్తకము చదివి వినిపించినచో ఇదియు కంఠస్థవిద్యయే యగును. ఆ అధ్యాపకునిపై పిల్లల మనోవ్యథలకు చికిత్సచేయు భారమును మోపరాదు. దానికి వైద్యులు కలరు. మూడేండ్ల జీతమునకు చందాపట్టిక కార్యదర్శిగారియొద్ద నున్నది.