ముంబయిలో దర్శనీయ పుణ్యస్థలాలు



నిజామాబాదు, ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతాల్లో భివండీ పేరు వినని నేత కుటుంబం అరుదు. అన్నో, మేనమామో, ఇంటి అల్లుడో, ఎవరో ఒకరు సాంచల మీద పనికి ఈ ఊరు వచ్చినవారే అయి ఉంటారు. మేముండే టెంఘర్‌లోనూ, పక్కనున్న పద్మనగర్‌లోనూ పండక్కో పెళ్ళికో వచ్చిన చుట్టాలు రెండోరోజు పొద్దున్నే అడిగే మాట ఒకటుంది: "ఇంత దూరం వచ్చినం, బొంబాయిల దేవుళ్ళను చూపియ్యరా?"

చూపించడం కష్టమేమీ కాదు. బండి మాట్లాడుకుని ఒక్క రోజులో పది చోట్లు తిప్పేవారున్నారు. సాయంత్రానికి ప్రసాదం పొట్లాలు, కాళ్ళ నొప్పులు మిగులుతాయి. ఏ గుడి ఎక్కడుందో, అది ఎవరు ఎందుకు కట్టుకున్నారో గుర్తుండదు. తక్కువ చోట్లు చూసినా, అవి ఎవరివో తెలిసి చూస్తే ఆ దర్శనం మనసులో నిలుస్తుంది. ఈ ప్రసంగంలో ఆ దృష్టితోనే కొన్ని స్థలాల గురించి చెబుతాను.

ముందు దారి మాట. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో నిజామాబాదు, బాసర, నాందేడ్ మీదుగా వచ్చేవారు కల్యాణ్‌లో దిగడం మేలు. అక్కడి నుంచి భివండీకి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. భివండీ రోడ్ అనే స్టేషన్ ఒకటుంది గాని, అది వసయీ-దివా మార్గంలో ఉంది. ముంబయి నడిబొడ్డుకు పోయే లోకల్ బండి ఎక్కాలంటే కల్యాణో, ఠాణేనో చేరాలి. ఆ బండ్లు దాదర్ మీదుగా ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ దాకా వెళతాయి. మనవాళ్ళు ఇప్పటికీ 'వీటీ' అనే ఆ స్టేషనుకు 1996లో ఛత్రపతి శివాజీ పేరు పెట్టారు. 2017లో దానికి 'మహారాజ్' అనే మాట చేర్చారు.

ఈ నగరానికి పేరిచ్చిన తల్లి ముంబాదేవి. మరాఠీలో 'ఆయీ' అంటే అమ్మ. ముంబా ఆయీ అన్న పిలుపులోంచే ముంబయి వచ్చిందని చెబుతారు. 1995లో బొంబాయి అన్న పేరు తీసి అధికారికంగా ముంబయి అని మార్చారు. ఈ అమ్మవారిని మొదట కొలిచినవారు కోలీలు, అంటే సముద్రంలో వల వేసి బతికే జాలరులు. పాత గుడి ఇప్పటి టెర్మినస్ స్టేషను ప్రాంతంలో ఉండేదట. ఆంగ్లేయులు కోట పెంచుకునేటప్పుడు అమ్మవారు అక్కడి నుంచి లోపలికి తరలింది. ప్రస్తుతం భులేశ్వర్ వైపు, బంగారం దుకాణాల జవేరీ బజారు దగ్గర కొలువై ఉంది. మసీదు స్టేషనులో దిగి నడవవచ్చు. మన ఊళ్ళో పోచమ్మ, మైసమ్మ ఊరి కాపుదలకు ఉన్నట్టే ఈమె కూడా ఊరి తల్లి. ఊరు మహానగరమైంది, తల్లి మాత్రం ఇరుకు సందులోనే ఉండిపోయింది. గుడిని మరాఠీలో 'దేవూళ్' అంటారు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు 'దేవళం' అనే మాటకు అది తోబుట్టువే.

చుట్టాలందరూ అడిగేది సిద్ధివినాయకుణ్ణి. ఈ గుడి ప్రభాదేవి ప్రాంతంలో ఉంది. దాదర్‌లో దిగి వెళ్ళవచ్చు. 2025 నుంచి భూగర్భ మెట్రోలో సిద్ధివినాయక్ పేరుతోనే ఒక స్టేషన్ నడుస్తోంది. ఇక్కడి వినాయకుడి తొండం కుడివైపుకు తిరిగి ఉంటుంది. 1801 నవంబరు 19న ఈ గుడి ప్రతిష్ఠ జరిగింది. డబ్బు ఇచ్చినామె దేవుబాయి పాటిల్, కట్టినాయన లక్ష్మణ్ విఠు. దేవుబాయికి సంతానం లేదు. తనకు లేకపోయినా, ఈ గుడికి వచ్చి మొక్కుకున్న ఆడవాళ్ళకు పిల్లలు కలగాలని ఆమె కట్టించిందని చెప్పుకుంటారు. ఇంత పేరున్న దేవస్థానం వెనుక ఒక స్త్రీ కోరిక ఉందని తెలిసి లోపలికి వెళితే దండం తీరే మారుతుంది. మంగళవారం లైను చాలా పొడుగు. పిల్లలతో వచ్చేవారు వేరే రోజు చూసుకోండి.

తరువాత మహాలక్ష్మి. పశ్చిమ రైల్వేలో మహాలక్ష్మి పేరుతోనే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి గుడి కిలోమీటరు పైచిలుకు. గర్భగుడిలో మహాకాళి, మహాలక్ష్మి, మహాసరస్వతి ముగ్గురూ పక్కపక్కనే ఉంటారు. ఈ గుడి కథ ఈ నగరం పుట్టిన కథతో ముడిపడింది. ఒకప్పుడు ముంబయి ఏడు దీవులు. వాటి నడుమ సముద్రపు నీరు లోపలికి వచ్చి పల్లపు నేలంతా ముంచేది. ఆ నీటిని ఆపడానికి విలియం హార్న్‌బీ గవర్నరుగా ఉన్న కాలంలో గట్టు కట్టారు. దాన్నే హార్న్‌బీ వెల్లార్డ్ అంటారు. కట్టినది కట్టినట్టే కూలిపోతుంటే, పని చూస్తున్న రామ్‌జీ శివ్‌జీ ప్రభుకు కలలో దేవి కనిపించి, సముద్రంలో ఉన్న మమ్మల్ని పైకి తీయమన్నదని, విగ్రహాలు తీశాకే గట్టు నిలిచిందని ఐతిహ్యం. ఇప్పటి గుడిని 1831లో ధాక్‌జీ దాదాజీ అనే వ్యాపారి కట్టించాడు.

ఈ కథలో మన వాళ్ళ పాత్ర కూడా కొంత ఉంది. 1784లో ఆ గట్టు పూర్తయ్యాక, తరువాత ఒక్కొక్క దీవినీ కలిపే దారులు పడ్డాక, లోపలి బురద నేల ఆరి ఇళ్ళ స్థలాలయింది. అక్కడికి 1795 నుంచి తెలుగు నేల కూలీలు వచ్చి స్థిరపడ్డారు. రాయి కొట్టి, సున్నం మోసి ఈ నగరాన్ని నిలబెట్టిన ఆ పనివారిని కామాఠీలన్నారు. వారుండే వాడ కామాఠీపుర అయింది. ఆ వాడకు తరువాత వేరే పేరు పడింది. కాని ఆ పేరు అసలు ఎవరిదో మన పిల్లలకు చెప్పాలి. మహాలక్ష్మి మెట్లు ఎక్కేటప్పుడు, ఆ ఆరిన నేల మీద మొదటి గుడిసెలు వేసుకున్నవారిలో మన భాష మాట్లాడినవారున్నారని చెప్పండి.

మహాలక్ష్మి గుడికి దగ్గరలోనే, సముద్రం మధ్య తెల్లగా కనిపించేది హాజీ అలీ దర్గా. పీర్ హాజీ అలీ షా బుఖారీ సమాధి అది. 1431 నాటిదని చెబుతారు. ఒక పేదరాలి చేతిలో నూనె పాత్ర ఒలికిపోయి ఏడుస్తుంటే, ఆయన నేలలోకి వేలు గుచ్చి నూనె పైకి రప్పించి పాత్ర నింపాడట. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. ఆయన మాత్రం భూమికి నొప్పి కలిగించానే అని చాలాకాలం బాధపడ్డాడట. ఇలాంటి కథ వింటే, అది ఏ మతం వారిదని అడగాలనిపించదు.

దర్గాకు పోయే దారి అర కిలోమీటరు దాకా ఉంటుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ దారి మునుగుతుంది. ఆటు సమయంలోనే వెళ్ళాలి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు వచ్చిన పోటు రేపు పన్నెండూ యాభై ప్రాంతంలో వస్తుందన్నమాట. అమావాస్యకు, పున్నమికి నీరు మరింత ఎత్తు లేస్తుంది. కనుక వెళ్ళే రోజు వేళలు కనుక్కుని బయలుదేరాలి. గురు, శుక్రవారాల్లో జనం ఎక్కువ. ఆడవాళ్ళను సమాధి దగ్గరికి రానివ్వకుండా కొన్నేళ్ళు ఆపారు. అది సరికాదని 2016 ఆగస్టు 26న బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది నవంబరు నుంచి మళ్ళీ అందరూ వెళుతున్నారు.

మన జిల్లాల వారికి దర్గా కొత్త కాదు. వర్ని దగ్గర బడాపహాడ్ కొండ ఎక్కి మొక్కు తీర్చుకునే హిందూ కుటుంబాలు ఎన్నో. పీర్ల పండగలో మన ఊళ్ళన్నీ నడిచినవే. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చుకోవాలి.

ఇంకొక రోజు వీలైతే మాహిం, బాంద్రా చూడండి. మాహింలో మఖ్దూమ్ అలీ మాహిమీ దర్గా ఉంది. ఆయన ఖురానుకు అరబ్బీలో వ్యాఖ్యానం రాసిన పండితుడు. ఏటా డిసెంబరులో జరిగే ఉరుసుకు మొదటి చాదరును ముంబయి పోలీసులు సమర్పించడం ఆనవాయితీ. ఆ మాహింలోనే సెయింట్ మైకేల్ చర్చి ఉంది. అక్కడ ప్రతి బుధవారం జరిగే ప్రార్థనలకు క్రైస్తవులే కాక అందరూ వస్తారు. బాంద్రా గుట్ట మీద మౌంట్ మేరీ ఉంది. సెప్టెంబరులో అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. చెయ్యి నొప్పి ఉన్నవారు మైనంతో చేసిన చెయ్యి, ఇల్లు కావాలనుకునేవారు మైనపు ఇల్లు సమర్పిస్తారు. మెదక్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించిన వారికి ఆ మొక్కు వెంటనే అర్థమవుతుంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు బోరివలీ అడవిలోని కన్హేరీ గుహలు చూడాలి. కృష్ణగిరి అన్న పేరే కన్హేరీ అయింది. వందకు పైగా గుహల్లో బౌద్ధ భిక్షువులు శతాబ్దాల పాటు నివసించారు. మూడో గుహ పెద్ద చైత్యం. అందులో యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు శాసనం ఉంది. ఆంధ్ర దేశంలోనూ ఆ రాజు శాసనం దొరికింది. శాతవాహనుల పేరు కోటిలింగాలలో విన్నవారు ఇక్కడ పరాయివారమనుకోనక్కర్లేదు. తొంభయ్యో గుహలో మరో విశేషం ఉంది. 1009లోనూ 1021లోనూ ఇక్కడికి వచ్చిన పారశీకులు తమ పేర్లను పహ్లవీ లిపిలో గోడ మీద రాయించుకున్నారు. అగ్నిని కొలిచేవారు బుద్ధుడి కొండ చూడడానికి వచ్చారు, వెయ్యేళ్ళ కిందట! మనం మాత్రం గోడల మీద పేర్లు రాయకూడదు సుమా. సోమవారం గుహలు మూసి ఉంటాయి.

ముంబయి దాకా వెళ్ళలేనివారికి భివండీ తాలూకాలోనే వజ్రేశ్వరి అమ్మవారున్నది. 1739లో వసయీ కోటను పోర్చుగీసుల నుంచి గెలుచుకున్న చిమాజీ అప్పా మొక్కు తీర్చుకోవడానికి ఈ గుడి కట్టించాడు. పక్కనే అక్లోలి, గణేశ్‌పురిలలో వేడినీటి ఊటలున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊరికి ఈ విషయం యాత్రతో ముగిసేది కాదు. భివండీలో సాంచల మీద తెలుగు పద్మశాలీ, ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాడు ఒకే నూలుతో పని చేస్తారు. అయినా 1970 మే నెలలో, మళ్ళీ 1984 మే నెలలో ఇక్కడ మతకలహాలు చెలరేగి ఎన్నో ప్రాణాలు పోయాయి. మగ్గాలు కాలాయి, కూలీలు రోడ్డున పడ్డారు. 1988లో ఇక్కడికి పోలీసు డిప్యూటీ కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే వాడవాడలా మొహల్లా కమిటీలు ఏర్పాటు చేశారు. రెండు మతాలవారూ పోలీసులతో కలిసి కూర్చుని, చిన్న తగాదా పెద్దది కాకముందే మాట్లాడుకునేవారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబయి మండుతున్నప్పుడు భివండీ ప్రశాంతంగా ఉంది.

దర్గాకు వెళ్ళినంత మాత్రాన కలహాలు ఆగుతాయని నేను చెప్పడం లేదు. ఆపింది ఆ కమిటీల్లో విసుగు లేకుండా కూర్చున్న మనుషులు. కాని ఎదుటివాడి పండగ ఎప్పుడో, అతను దేనికి దండం పెడతాడో, దేనికి నొచ్చుకుంటాడో తెలియనివాడు అలా కూర్చుని ఏం మాట్లాడగలడు? వదంతి ఒకటి వాడలోకి వచ్చినప్పుడు, అక్కడికి ఒక్కసారైనా వెళ్ళి చూసినవాడు "ఆగండి, అలా ఉండదు" అనగలడు. చూడనివాడు దాన్ని నమ్మి, పక్కవాడికి చేరవేస్తాడు. మన పిల్లల్ని ఇలాంటి చోట్లకు తీసుకుపోవడంలో ఉన్న లాభం అదే.

చివరగా కొన్ని జాగ్రత్తలు. దర్గాలో తల మీద గుడ్డ వేసుకోవాలి, ఆడా మగా ఇద్దరూ. గురుద్వారాలోనూ అంతే. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే వెనుక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చోవాలి. పారశీకుల అగ్ని ఆలయంలోకి ఇతరులను రానివ్వరు. అది వారి నియమం, బయటి నుంచే నమస్కరించి కదలాలి. ఫొటో తీసే ముందు అడగాలి. దారిలో పట్టుకుని ప్రత్యేక దర్శనం చేయిస్తామనేవారికి డబ్బు ఇవ్వకండి. రద్దీలో పిల్లల జేబులో ఇంటి చిరునామా, ఫోను నెంబరు రాసి పెట్టండి. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా లోకల్ బండ్లలో నిలబడడానికే చోటుండదు. ముసలివారిని ఆ వేళ ఎక్కించవద్దు.

ఒక్క రోజే ఉన్నదనుకోండి. దాదర్‌లో దిగి సిద్ధివినాయకుడు, అక్కడి నుంచి మహాలక్ష్మి, ఆటు వేళ చూసుకుని హాజీ అలీ, సాయంత్రానికి ముంబాదేవి. ఈ నాలుగూ చాలు. ముంబాదేవికి దండం పెట్టి మసీదు స్టేషనులో కల్యాణ్ బండి ఎక్కితే రాత్రి భోజనానికి భివండీ చేరవచ్చు. ఈసారి మా ఊరు వచ్చినప్పుడు తీరికగా రండి. వెంట పిల్లల్ని తప్పక తీసుకురండి.