మూకను విడుచు కొడుకులు

గోదావరిఖనిలో వడియములు ఆరబెట్టిన డాబాపై కోతుల ఆగడము ఎరుగని గృహిణి యుండదు. తరిమినను అవి మరల వచ్చును. ఆ విసుగును కొంచెము ప్రక్కకు నెట్టి ఒకే మూకను నాలుగైదేండ్లు గమనించినచో నొక వింత కానవచ్చును. ఆడపిల్లలు తల్లియొద్దనే పెరిగి, అక్కడనే తాము తల్లులగును. మగపిల్లలు ఈడు రాగానే పుట్టిన మూకను విడిచి వెడలిపోవును. మన ఇండ్లలో జరుగునది దీనికి తలక్రిందులు. ఆడపిల్ల అత్తవారింటికి పోవును. బొగ్గుబాయిలో తండ్రి చేసిన కొలువు కొడుకునకు దక్కవలెనని ఇంటిల్లిపాదియు కోరుదురు.

ఎవరు వెడలుదురు, ఎవరు నిలుతురు అను నీ విషయమునకును, ఎవరు ఎవరికి సాయపడుదురు అను విషయమునకును దగ్గరి సంబంధము కలదు. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు 1955లో ఒక లెక్క చెప్పెను. వరదలో కొట్టుకొనిపోవు బిడ్డకై నదిలో దూకువాడు పదింట ఒకమారు మునిగిపోవుననుకొందము. అట్టి సాహసమునకు పురికొల్పు జన్యువు వానియందున్నది. ఆ బిడ్డ వాని సంతానమో, తోబుట్టువో అయినచో, అదే జన్యువు బిడ్డయందు ఉండుటకు సగము అవకాశము కలదు. అనగా ఒకటి పోయినచోట ఐదు దక్కును. పినతండ్రి బిడ్డలవంటి దూరపు వరుసైనచో లాభము మిక్కిలి స్వల్పము. హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి, ఇచటి పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆ యేడే హామిల్టన్ అను యువకుడు ఈ లెక్కను సూత్రముగా మలచెను: సాయము వలన బంధువునకు కలుగు మేలును బంధుత్వపు పాలుతో హెచ్చవేయగా వచ్చునది, సాయపడువాని నష్టముకంటె ఎక్కువైనచో ఆ గుణము తరతరములకు నిలుచును.

కోతికి వంశవృక్షము తెలియునా యని శ్రోతలు అడుగవచ్చును. అంత తెలియనక్కర లేదు. కూతుళ్ళు కదలకుండిన చాలు. ఇరుగుపొరుగువారే తల్లి, అక్క, మేనత్తకు బదులు పినతల్లి యగుదురు. 1938లో మన దేశమునుండి సుమారు 400 రీసస్ కోతులను పోర్టోరికో చెంతనున్న కాయో సాంటియాగో ద్వీపమునకు కొనిపోయిరి. వాని సంతతిని పరిశీలించినవారికి ఆడకోతుల అంతస్తులు స్పష్టముగా తెలిసినవి. కూతురు తల్లికి వెంటనే దిగువ స్థానము పొందును. అందును చెల్లెలు అక్కను మించును! మగవానికి ఇట్టి అండ లేదు. పరాయి మూకలో క్రొత్తవాడై చేరవలె. అయినను అన్న చేరిన మూకనే తమ్ముడును వెదకికొని చేరుట, కలహమున ఒకరినొకరు ఆదుకొనుట కలదు.

ఇంతవరకు బంధుత్వపు మేలే చెప్పితిమి. కాని చుట్టములు ఒకేచోట మూగినచో ఏమగునో దాయాది అను మాటయే చెప్పును. ఒకే చెట్టు కాయలకు అక్కచెల్లెండ్రే పోటీపడుదురు. హామిల్టన్, మే అనువారు 1977లో ఒక సంగతి చూపిరి: దారిలో ప్రాణాపాయమున్నను, సంతానమున కొంత భాగము ఇల్లు విడుచుటయే మేలు, ఉన్నవారికి పోటీ తగ్గును. 1992లో టేలర్ మరింత గట్టి మాట చెప్పెను. మిక్కిలి సరళమైన లెక్కలో, చుట్టములు చేరువనుండుట వలని మేలు, వారి పోటీ వలని కీడుతో సరిగా చెల్లిపోవును. కావున కదలకుండుట ఒక్కటే పరోపకారమును పుట్టింపదు. మాకు ఈ శాస్త్రమున అన్నిటికంటె నచ్చినది ఈ చిక్కే.

మన ప్రాంతమున ఈ కథకు గోదావరి సాక్షి. ఆవలి గట్టున మంచిర్యాల, ఈవలి గట్టున గోదావరిఖని. పొట్టితోక రీసస్ కోతికి నదికి ఉత్తరము, నడినెత్తిన టోపీవంటి వెండ్రుకలు, పొడవైన తోక గల బానెట్ కోతికి దక్షిణము తావులని శాస్త్రజ్ఞులు చెప్పుచుండిరి. బానెట్ మగకోతులలో ఈడు వచ్చినను పుట్టినచోటనే చాలకాలము నిలుచునవి కలవు. అవి కౌగిలించుకొనును, ఒకదాని పేలు ఒకటి తీయును. దీనికి బంధుత్వమొక్కటే కారణమని తేల్చరాదు. రీసస్ కోతులు హద్దు దాటి దక్షిణమునకు చొచ్చుకొని వచ్చి బానెట్ కోతుల తావుల నాక్రమించుచున్నవని 2011లో ప్రకటితమైన పరిశీలన తెలిపెను. ఒకచోట పట్టి మరియొకచోట విడుచు మన అలవాటును దీనికి తోడ్పడినది.

కావున బోను పెట్టువారికి ఒక మాట. చేతికి చిక్కిన నాలుగింటిని కొనిపోయి అడవిలో విడిచినచో, ఇచట తల్లికూతుళ్ళ అల్లిక తెగును. అచట అవి దిక్కులేని క్రొత్తవారగును. ఖాళీయైన తావునకు వేరొకటి వచ్చును. 2020లో నిర్మల్ వద్ద తెరచిన కోతుల పునరావాస కేంద్రమున కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేసి విడుచు పద్ధతి అవలంబించిరి. ఆ పద్ధతి మాకు మెరుగని తోచును. శస్త్రచికిత్సయైన ఆడకోతిని తన మూకకే తిరిగి చేర్చినచో అది అక్కచెల్లెండ్ర నడుమ తన స్థానమును తాను నిలుపుకొనును. సంతానము మాత్రము పెరుగదు. అందులకు పట్టుటకు ముందే ఏ మూక ఏ చెట్టుపై రాత్రి గడుపుచున్నదో, అందు ఆడకోతులెన్నియో లెక్కవ్రాసికొనవలె. ఆ పని కాలనీలోని బడిపిల్లలును చేయగలరు.