చిట్టానుండి ఆవర్జాకు



ఈ వార్షిక మహాసభయందు వర్తకవిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము కాము. మూడు తరములనుండి మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారము చేయుచున్న కుటుంబమువారము. కావున మేము చెప్పబోవునది చదివి తెలిసికొన్నదానికంటె చేయి కాల్చుకొని నేర్చినదే యెక్కువ. వెబ్‌సైటునకు వచ్చినవారితో మాటలాడు చాట్‌బాటును, ఖాతాదారుల వివరములు భద్రపరచు సీఆర్‌ఎమ్‌తో జోడించుట మా విషయము. కార్యక్రమపత్రికలో ఈ పేరు చూచి పెద్దలు కొందరు నవ్విరని వింటిమి. కులసభలో ఈ యంత్రముల గొడవ యేల యని వారి ప్రశ్న. దానికి సమాధానముగా మా యంగడిలో జరిగిన సంగతి యొకటి మొదట మనవి చేసెదము.

2023వ సంవత్సరమున శ్రావణము అధికమాసముగా వచ్చినది తమకు జ్ఞాపకముండును. పెండ్లి బేరములన్నియు నిజశ్రావణమునకు జరిగిపోయి అంగడి వెలవెలబోవుచుండెను. అట్టి దినములలో అమెరికాలోని న్యూజెర్సీనుండి తెలుగు తల్లి యొకతె మా వెబ్‌సైటునకు వచ్చి, కుమార్తె వివాహమునకు పెట్టుబడి చీరలు 40 కావలెనని యడిగెను. అక్కడ సాయంకాలము 4 గంటలు. ఇక్కడ రాత్రి 1 గంట 30 నిమిషములు. మేమందరము నిద్రలో నుంటిమి. చాట్‌బాటు మాత్రము మేలుకొని యుండి, మర్యాదగా మాటలాడి, ఆమె పేరును ఫోను నంబరును తీసికొని, "మావారు తమకు ఫోను చేయుదురు" అని మాట యిచ్చెను. ఆ మాట మాకు తెలియలేదు. సంభాషణ యంతయు చాట్‌బాటు పెట్టెలోనే పడియుండెను. ఆ పెట్టెను తెరచి చూచు పని యెవరిదో యింటిలో నిర్ణయింపబడలేదు. తొమ్మిదవ దినమున మా యన్నగారి కుమార్తె యాదృచ్ఛికముగా చూచి ఫోను చేయగా, "మీరు పలుకకపోయినందున వేరొకచోట కొంటిమమ్మా" అని యామె సెలవిచ్చినది. ఆ 40 చీరలు నాలుగు మగ్గములకు ఇంచుమించు నెల దినముల పని. ఆ నెలలో రెండు మగ్గములు ఖాళీగా నుండెను. నేతగాండ్రకు మేమేమి సమాధానము చెప్పగలము? యంత్రము మాటలాడినదనియా?

ఇట్టి నష్టము మాకొక్కరికే కలిగినది కాదు. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో వెలువడిన పరిశీలన యొకటి కలదు. అమెరికాలోని 2,241 సంస్థలకు ప్రశ్నలు పంపి యెంత కాలమునకు బదులు వచ్చునో లెక్కించిరి. నూటికి 37 సంస్థలు మాత్రమే గంటలోపల పలికినవి. నూటికి 23 అసలే పలుకలేదు. గంటలోపల పలికినవారికి, మరియొక గంట ఆలసించినవారికంటె బేరము ముందుకు సాగు అవకాశము దాదాపు ఏడురెట్లు హెచ్చుగా నుండెనట. మన తాతలు గడపలో నిలిచిన కొనుగోలుదారుని తక్షణము చాపమీద కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చుటలోని రహస్య మిదియే.

ఇక విషయములోనికి వత్తము. మన యంగళ్లలో పూర్వమునుండి చిట్టా యనియు ఆవర్జా యనియు రెండు పుస్తకములు కలవు. దినమున జరిగినదంతయు వరుసగా చిట్టాలో వ్రాయుదురు. పిమ్మట గుమాస్తా దానిని చూచి, యెవరి పద్దు వారి ఖాతాలో ఆవర్జాకు ఎక్కించును. చాట్‌బాటు పెట్టె చిట్టా వంటిది. సీఆర్‌ఎమ్ ఆవర్జా వంటిది. మా యంగడిలో చిట్టా యుండెను, ఆవర్జాయు నుండెను. ఎక్కించు గుమాస్తా లేడు. ఆ గుమాస్తా పనిని యంత్రముచేతనే చేయించుటను జోడింపు అందురు.

మాటలాడు యంత్రము నిన్నటిది కాదు. 1966లోనే అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యాలయమున వైజెన్‌బామ్ అను నాచార్యుడు ఎలైజా యను దానిని చేసి ప్రకటించెను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఈ యంత్రములు తెలుగునందును చక్కగా పలుకుచున్నవి. ఖాతాదారుల పుస్తకములలో 1999లో స్థాపింపబడిన సేల్స్‌ఫోర్స్ అమెరికావారిది. మన ప్రక్కనున్న తమిళదేశమువారి జోహో సీఆర్‌ఎమ్ 2005నుండి నడచుచున్నది. ఏది కొనవలెనని మమ్మడుగవలదు. రెండును ఎక్కించువాడు లేనిచో వట్టి పుస్తకములే.

జోడించుటకు మూడు మార్గములు కలవు. చాట్‌బాటువారును సీఆర్‌ఎమ్‌వారును ముందే చేసియుంచిన జోడింపు నొకటి నొక్కి తెరచుట సులభము. అట్టిది లేనిచో జాపియర్ వంటి మధ్యవర్తిని పెట్టుకొనవచ్చును. దానికి నెలనెల కూలి యిచ్చుకొనవలెను. మూడవది స్వయముగా వ్రాయించుకొనుట. సంభాషణలో నంబరు దొరకిన తక్షణమే చాట్‌బాటు మన చిరునామాకు ఒక వార్త పంపును; దానికి వెబ్‌హుక్ అని పేరు. మన వ్రాత ఆ వార్తను విప్పి, సీఆర్‌ఎమ్‌యొక్క ఏపీఐ యను ద్వారముగుండ క్రొత్త పద్దు వ్రాయును. ఆ ద్వారమునకు టోకెను అను తాళపుచెవి కావలెను. మేము మొదటి మార్గమున ఆరంభించి, అందు మాకు కావలసిన గడులు లేకపోవుటచే మూడవదానికి వచ్చితిమి.

గడులనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. మొదట మేము అత్యాశచే, మాట మొదలుపెట్టకమునుపే పేరు, నంబరు, ఊరు, ఈమెయిలు అన్నియు చెప్పవలెనని నియమించితిమి. వచ్చినవారు వచ్చినట్లే కిటికీ మూసికొని పోయిరి. అంగడి మెట్టెక్కకముందే ఇంటిపేరు అడిగిన వర్తకునియొద్ద ఎవరు నిలుతురు? ఇప్పుడు చాట్‌బాటు ముందుగా అడిగినదానికి బదులు చెప్పును. నిజాం అంచు చీర చూపుమన్న చూపును. తరువాతనే, "మావారు మాటలాడుటకు నంబరు దయచేయుదురా" అని యడుగును. మాకు కావలసినవి ఆరే: పేరు, దేశసంఖ్యతో కూడిన ఫోను నంబరు, ఏమి కావలెను, ఎన్ని, ఎప్పటికి, ఫోను చేయుటకు సమ్మతి. సంభాషణసారము రెండు వాక్యములలో పద్దుపై నుండును. పూర్తిపాఠము దిగువ నుండును. ఆ పూర్తిపాఠమును మేమెన్నడును విడువము. సారము వ్రాయునదియు యంత్రమే గదా!

ఒకే మనిషికి రెండు ఖాతాలు తెరచుకొనుట పెద్ద చిక్కు. లక్ష్మి యను పేరును ఇంగ్లీషు అక్షరములలో మనవారు నాలుగు విధముల వ్రాయుదురు. కావున పేరుబట్టి కాక నంబరుబట్టి సరిచూచుట మేలు. నంబరును సయితము ఒకరు 10 అంకెలతోను, ఒకరు ముందు సున్నతోను, ఒకరు 91 చేర్చియు చెప్పుదురు. అన్నిటిని ప్లస్ గుర్తు, దేశసంఖ్య, మిగిలిన అంకెలు అను నొక్క రూపమునకు తెచ్చిన తరువాతనే ఖాతా వెదకవలెను. ఇంతవరకు నిపుణులు చెప్పుదురు. మన యిండ్ల సంగతి వారికి తెలియదు. మనలో ఒక్క నంబరు ఇంటిల్లపాదికి చెందును. ఒకసారి కోడలు పట్టుచీర యడుగగా, అత్తగారు అంతకుముందు అడిగిన నూలుచీరల పద్దు చెరిగి, దానిపై క్రొత్త పద్దు పడినది. అత్తగారు ఫోను చేసినప్పుడు మేము పట్టుచీరల మాట యెత్తితిమి. తరువాత ఆ యింట జరిగిన సంభాషణము మాకు తెలియదు గాని, ఊహింపగలము. అప్పటినుండి నంబరు ఖాతాను చూపును, ప్రతి విచారణయు దానిక్రింద వేరు పద్దుగా నిలుచును, పాతది చెరుగదు.

కాలమునుగూర్చి మరియొక పొరపాటు చేసితిమి. ఈ యంత్రములు తరచుగా సార్వత్రికకాలము, అనగా యూటీసీ, ప్రకారము గంట వ్రాసికొనును. మన గంట దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. ఉదయము 10 గంటలకు ఫోను చేయుమన్నవారి పద్దు, తెల్లవారుజామున 4 గంటల 30 నిమిషములకని మాకు కనబడినది. మా గుమాస్తా విధేయుడు, అట్లే చేసెను. ఆ కొనుగోలుదారు మరల రాలేదు.

వార్త చేరినదో లేదో తెలియనపుడు వెబ్‌హుక్ అదే వార్తను మరల పంపును. కావున ప్రతి వార్తకు నొక గుర్తుసంఖ్య యుంచి, ఒకసారి వ్రాసినదానిని రెండవమారు వ్రాయకుండ చూడవలెను. దీనికంటె భయంకరమైనది నిశ్శబ్దముగా నిలిచిపోవుట. ఒకమారు మా టోకెను గడువు తీరినది. ద్వారము మూసికొన్నది. చాట్‌బాటు మాత్రము వచ్చినవారందరితో "తమ వివరములు నమోదైనవి" అని పలుకుచునే యుండెను. మూడు దినములు! అప్పటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. రాత్రి అంగడి కట్టునప్పుడు రొక్కము సరిచూచినట్లే, ఆ దినమున నంబరు ఇచ్చిన సంభాషణలెన్ని, ఆవర్జాకెక్కిన పద్దులెన్ని యని సరిచూతుము. లెక్క కుదరనిదే తాళము వేయము. సీఆర్‌ఎమ్‌నుండి అంగీకారము వచ్చిన పిదపనే "నమోదైనది" యని చాట్‌బాటు పలుకునట్లును మార్పించితిమి.

యంత్రము లేనిది కల్పించి చెప్పుటయు కలదు. కెనడాలో ఎయిర్ కెనడా విమానసంస్థవారి చాట్‌బాటు, టిక్కెట్టు రాయితీ విషయమున ప్రయాణికుని కొకనికి తప్పు మాట చెప్పగా, ఆ మాటకు సంస్థయే బాధ్యురాలని 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని న్యాయాధికరణము తీర్పు చెప్పినది. చేనేత వ్యాపారులమైన మనకు ఇది మరింత ప్రమాదము. మరమగ్గపు చీరను చేనేతయని యంత్రము పలికినచో మనమే పలికినట్లు. ధరయు, నేతయు, నిల్వయు మా పట్టికలో నున్నదే చెప్పవలెననియు, లేనిది "మావారు చెప్పుదురు" అని వదలవలెననియు కట్టడి చేసితిమి. ఇంకొక కట్టడి: చాట్‌బాటునకు ఆవర్జాలో వ్రాయుటకే కాని చదువుటకు అధికారము లేదు. చదువనిచ్చినచో, ఫలానావారు పెండ్లికి ఎంత ఖర్చు పెట్టిరని తెలివిగా నడిగినవానికి చెప్పివేయగలదు.

ఇప్పుడు కొందరికి రుచింపని మాట చెప్పవలసి వచ్చినది, మన్నింపుడు. మన సంఘపు సభ్యుల జాబితాను, విద్యార్థివసతిగృహపు దరఖాస్తులను వర్తకుల సీఆర్‌ఎమ్‌లకు ఎక్కించినచో కులబాంధవుల వ్యాపారము వర్ధిల్లునని ఒక సూచన వచ్చినది. సూచించినవారి యుద్దేశము మంచిదే. మేము దీనిని ఒప్పుకొనజాలము. వసతిగృహమున చోటుకొరకు బిడ్డ పేరు వ్రాసియిచ్చిన తండ్రి, చీరలు అమ్ముకొమ్మని నంబరు ఇయ్యలేదు. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సైతము, ఏ పనికై సమ్మతి పొందితిమో ఆ పనికే వాడవలెననియు, ఇచ్చిన సమ్మతిని మరల తీసికొనుటకు హక్కు కలదనియు చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. భద్రత పాటింపని తప్పునకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. సమ్మతి కోరు పత్రమును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొను వీలును ఆ చట్టము కల్పించినది. అందు మన తెలుగు కలదు. మా చాట్‌బాటు సమ్మతిని తెలుగులోనే అడుగును. చట్టము లేకున్నను ఈ జాబితా ఈయరాదనియే మా యభిప్రాయము. సంఘము నమ్మకముమీద నిలిచియున్నది. ఆ నమ్మకము మా యంగళ్ల సరకు కాదు. ఈ సూచన రేపటి తీర్మానములలో వచ్చినచో మేము వ్యతిరేకముగా చేయి యెత్తుదుము.

చిన్న వర్తకులు కొందరు ఖర్చెంత యని యడిగిరి. దినమునకు ఐదారు విచారణలు మాత్రమే వచ్చు అంగడికి ఈ జోడింపు అక్కరలేదు. ప్రొద్దున లేచి పెట్టె తెరచి చూచి నోటుపుస్తకములో వ్రాసికొన్న చాలును. చూచుపని యొకరికి కచ్చితముగా నప్పగింపవలెను. విచారణలు హెచ్చి, రాత్రివేళ దూరదేశములనుండి వచ్చునవి కలిగినప్పుడు దీనికి పూనుకొనవచ్చును. ముందు నెల దినములు ఇంటివారే కొనుగోలుదారులవలె అడిగి పరీక్షింపుడు. మా యింటి పిల్లలు దీనినొక యాటగా నాడి, మాకు తోచని తప్పులు పదునాలుగు పట్టిరి.

మా యన్నగారి కుమార్తె ఈ జోడింపు వ్రాతను కంప్యూటరుతో సహా తెచ్చినది. భోజనానంతరము పందిటి తూర్పుప్రక్కన చేనేతప్రదర్శనము చెంత కూర్చుండును. కోరినవారు తమ ఫోనునుండి ఒక ప్రశ్న యడిగి, అది ఆవర్జాకెక్కువరకు కన్నులార చూడవచ్చును. పరీక్షకై యిచ్చిన నంబరులన్నియు సాయంకాలమున వారి యెదుటనే చెరిపివేయబడును.