సూదిమందు, చెవుడు, తల్లివైపు చుట్టాలు
(గోపన్‌పల్లిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీదైతే గంటసేపు మాట్లాడగలను. ఈ రోజు మాత్రం చెవుల గురించి నాలుగు మాటలు. నేను డాక్టరును కాను, రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. ఇదీ ఒక రిజిస్టరు కథే.

మన వయసు వారికి స్ట్రెప్టోమైసిన్ సూదులు గుర్తుండే ఉంటాయి. 1943లో అమెరికాలో కనుగొన్న ఆ మందు క్షయరోగుల పాలిట సంజీవని. మా పెద్దమ్మ దానివల్లే బతికింది. కానీ సూదులు పూర్తయ్యేసరికి వెనకనుంచి పిలిస్తే పలకడం మానేసింది. కొన్నేళ్ళకు మా మేనమామకూ క్షయ వచ్చింది. అవే సూదులు, అదే చెవుడు. జబ్బు చెవుల్లోకి దిగిందని ఇంట్లో అనుకున్నారు. అదే మందు వాడిన మా పక్కింటాయనకు మాత్రం ఏమీ కాలేదు.

ఎందుకని? మన ఒంట్లోని దాదాపు అన్ని రకాల కణాలలోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. కణానికి పెద్దాఫీసు వేరే ఉన్నా, వీటికి తమ సొంత చిన్న రిజిస్టరు ఉంది. అందులో 16,569 అక్షరాలు, 37 జన్యువులు. వాటిలో 13 మాత్రమే ప్రొటీన్ల నమూనాలు. మిగిలిన 24 ఆ ప్రొటీన్లను తయారుచేసే యంత్రాంగం కోసమే. ఆ యంత్రం పేరు రైబోజోమ్. దానిలో ఒక ముఖ్య భాగాన్ని ఇచ్చే జన్యువును ఎంటీ-ఆర్‌ఎన్‌ఆర్1 అంటారు.

ఒకానొక కాలంలో మైటోకాండ్రియా కూడా బాక్టీరియాలేనట. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ జాతి మందులు బాక్టీరియా రైబోజోమ్‌ను పట్టుకుని చంపుతాయి. మనదాన్ని సాధారణంగా అంతగా పట్టుకోవు. అయితే ఆ జన్యువులో 1555వ స్థానంలో 'ఎ' ఉండవలసిన చోట 'జి' ఉంటే మన యంత్రం బాక్టీరియా యంత్రాన్ని పోలిపోతుంది. మందు పొరబడి చెవి లోపలి సున్నితమైన కణాలనూ దెబ్బతీస్తుంది. మోతాదు మించితే ఈ మందులు ఎవరి చెవులకైనా చేటే. ఈ అక్షరం మారినవారికి మామూలు మోతాదే చాలు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఒక అరబ్ కుటుంబాన్ని, చైనాలోని కొన్ని కుటుంబాలను పరిశీలించి శాస్త్రజ్ఞులు 1993లో ఈ సంగతి తేల్చారు.

ఈ రిజిస్టరు తల్లి నుంచే వస్తుంది. మన సీసీఎంబీకి చెందిన తంగరాజ్ గారి బృందం 2005లో అండమాన్ ఆదివాసుల మూలాలను వెదికింది కూడా ఈ తల్లివైపు రిజిస్టరు చదివే. మగవాడికి ఉంటుంది కానీ బిడ్డలకు పోదు. కనుక మా అమ్మకు ఉండి ఉంటే నాకూ ఉండవచ్చు; నా కొడుకుకు నానుంచి రాదు. మా చెల్లెలికి, దాని కూతుళ్ళకు, వాళ్ళ పిల్లలకు రావచ్చు. మా ఇంట్లో ఎవరూ పరీక్ష చేయించుకోలేదు, కాబట్టి ఇది అనుమానమే. పెద్దతనంతో మనకు వచ్చే చెవుడంతా ఇదేనని కూడా కంగారు పడకండి.

మరి ఇప్పుడెందుకంటే, క్షయకు స్ట్రెప్టోమైసిన్ వాడకం తగ్గినా, పుట్టిన పిల్లలకు ఇన్‌ఫెక్షను అనుమానిస్తే జెంటామైసిన్ ఇస్తూనే ఉన్నారు. ఇంగ్లండులో బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి 26 నిమిషాల్లో ఈ అక్షరాన్ని చూసే పరీక్ష పెట్టారు. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 751 మంది పసిపిల్లలలో ముగ్గురికి ఆ మార్పు కనిపించింది. వారికి వేరే మందు ఇచ్చారు.

మా చెల్లెలి మనవరాలికి ఇప్పుడు నెలలు నిండాయి. పెద్దమ్మ, మేనమామల సంగతి కాగితం మీద రాసి, డాక్టరమ్మకు చూపించమని పంపాను. మొదట నవ్వారు, "తాతయ్యకు ఆఫీసు అలవాటు పోలేదు" అని. డాక్టరమ్మ నవ్వలేదు. కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసుకున్నారు.

మీ తల్లివైపు సూదుల తరువాత చెవులు పోయినవారు ఎవరైనా ఉంటే, ఆడపిల్లలకు చెప్పి ఉంచండి. ప్రాణం మీదికి వస్తే సూది వద్దని మొండికేయమని కాదు. డాక్టరుకు ముందే తెలిస్తే మరో మందు చూస్తారు. పంజగుట్ట నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, సలహాకు అక్కడికి వెళ్ళవచ్చు.