విరిచి చూసే చదువు

కల్లాల మీద పసుపు కొమ్ములు ఆరుతున్న రోజుల్లో ఆలూర్‌లో ఈ సాహిత్య సభ పెట్టుకున్నారు. అధ్యక్షత నాకిచ్చారు. విలువల గురించి మాట్లాడమన్నారు. అందుకు నేను కల్లం దగ్గరికే వెళ్తాను.

పసుపు కొనేవాడు కొమ్మును పైపైన చూసి ఊరుకోడు, విరుస్తాడు. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండి, ఉడికి, ఎండిన పంట సంగతి ఆ విరిగిన చోట తెలుస్తుంది. మనకు వెల, విలువ అని రెండు మాటలున్నాయి. వెల రోజుకో తీరుగా మారుతుంది, విలువ అలా కాదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలో నిలిచిన 185 మందిలో 178 మంది రైతులే. వాళ్లు పసుపుకు గిట్టుబాటు ధర అడిగారు; నాకు వినపడింది మాత్రం తమ పనికి విలువ ఏదన్న ప్రశ్న.

విరవకుండా పైరంగు చూసి కొంటే ఏమవుతుందో తెలియాలంటే బంగ్లాదేశ్ సంగతి ఒకటి చెప్పాలి. 1980లలో వరదలకు తడిసి పసుపు వన్నె తగ్గితే, పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే పచ్చటి పొడి కలపడం మొదలైంది. అందులో ఉన్నది సీసం. పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. కలిపినవాళ్లలో చాలామందికి అది అంత విషమని తెలియదు. కొనేవాళ్లు నిగనిగలాడే రంగు అడిగారు, వీళ్లు ఇచ్చారు. 2019లో పరిశోధకులు బయటపెట్టాక ప్రభుత్వం పత్రికల్లో హెచ్చరించింది, ఢాకా శ్యామ్‌బజార్‌లో జరిమానాలు వేసింది. ఆ ఏడాది మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది. 2021లో ఒక్కదానిలోనూ లేదు.

రెండేళ్లలో మనుషుల స్వభావాలు మారిపోతాయా? తెలియనిది తెలిసింది, దానికి చట్టం తోడైంది. మనసు మంచిదైతే చాలని పిల్లలకు చెబుతుంటాం. తెలియకపోతే మంచి మనసున్నవాడూ విషం కలుపుతాడు. చదువుకు నీతితో పని పడేది అక్కడే.

నేను బడిపంతులుగా పనిచేశాను. పరీక్షకు వచ్చే ప్రశ్నలకే జవాబులు బట్టీ పట్టించాను. తల్లిదండ్రులు మార్కులు అడిగారు, ఇచ్చాను. ఒక అబ్బాయి సీసం ధర్మాలు గడగడా అప్పజెప్పాడు. అది ఒంట్లోకి పోతే ఏమవుతుందిరా అంటే, ‘‘అది సిలబస్‌లో లేదు సార్’’ అన్నాడు. ఆ జవాబు నేను నేర్పిందే. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు.

ఆలూర్ ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ సీజన్ అయిపోకముందే పిల్లల్ని ఒక పూట కల్లానికి తీసుకుపోండి. ఉడకబెట్టే చోట, పాలిష్ పట్టే చోట, కాంటా దగ్గర నిలబెట్టండి. వాళ్లనే అడగనివ్వండి. రైతన్నలారా, ఆ పూట పని కాస్త ఆగినా విసుక్కోకండి. వ్యాపారం చేసే పెద్దలారా, తూకంలో తరుగు ఎందుకు తీస్తారని ఏ పిల్లైనా అడిగితే, ఉన్న మాట చెప్పండి.