నల్ల తామరను ఒక్కో చేలో ఆపలేం
(పిడుగురాళ్ల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరినప్పుడు పల్నాడులో, ప్రకాశంలో ఏమైందో మనకొకరు చెప్పనక్కర్లేదు. పూత రాలింది, కొందరం తోటలే దున్నేశాం. అప్పు మాత్రం రాలలేదు.

ఆ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది, కోశస్థ దశ మట్టిలో గడుపుతుంది. పైపైన కొట్టిన మందు దానికేం తగులుతుంది? పైరిత్రాయిడ్లు కొడితే దాన్ని తినే మిత్రపురుగులే ముందు చస్తాయి. అయినా కొట్టతను రెండు మూడు డబ్బాలు కలిపి కొట్టమంటాడు. అరువు అతని దగ్గరే, కాదనలేం.

చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్నో మొక్కజొన్నో వేద్దాం. నీలం జిగురు అట్టలు కడదాం, యూరియా తగ్గిద్దాం, వేపనూనె ముందునుంచే కొడదాం. ఒక్కరం చేస్తే పక్క చేలోంచి పురుగు మళ్లీ వస్తుంది. డొంక పొడవునా అందరం ఒకే వారంలో చేయాలి.

కౌలు ముందే కట్టిన రైతుకు గుర్తింపు కార్డు లేకపోతే నష్టపరిహారమూ అందదు. అందుకే జిగురు అట్టలు, వేపనూనె రైతు సేవా కేంద్రాల్లో సబ్సిడీపై ఇవ్వాలని, కార్డు లేదని కౌలు రైతును తిప్పి పంపొద్దని అడుగుతున్నాం. సంతకాల కాగితాలు నారు నాటకముందే మన ఆఫీసుకు చేర్చండి.